వంతెన కాడ నిమ్మకాయ

నవంబర్ 11, సోమవారం

ఆ రోజు నీళ్ళు ఎటు పోతున్నాయి?

ఏడేళ్ళుగా ఈ ప్రశ్నని మోస్తున్నాను. కూరగాయలు తరుగుతున్నప్పుడు గుర్తొస్తుంది. ఖిదిర్‌పూర్ బస్సు వంతెన మీద ఆగిపోయినప్పుడు గుర్తొస్తుంది. ఎవరైనా "మీరేం చేస్తారండీ" అని అడిగితే నది నీళ్ళు పరీక్ష చేస్తానంటాను. మంచి పనే కదా అంటారు. అవును, మంచి పనే.

ఇవాళ ఆఫీసుకి ఉత్తరం వచ్చింది. కాఠ్‌పోల్ ఖాల్ ఒడ్డున తెలుగు లైనులో మిగిలిన ముప్ఫై ఆరు ఇళ్ళు కూడా తీసేస్తారట. కారణంగా మా 2017 నివేదికనే చూపించారు. మూల పత్రాలతో డిసెంబర్ 18న కమిటీ ముందు హాజరు కావాలి. ఆ నివేదిక మీద సంతకాలు రెండు. మిత్రా సార్ రిటైరైపోయారు. రెండోది నాది.

వరసగా రాసుకుంటే తప్ప నా తల కుదురుకోదు. ఖాల్ అంటే గంగలో కలిసే కాలువ. గంగకి పోటొస్తే దీనికీ వస్తుంది. అన్నిటికన్నా పైన కూరగాయల మళ్ళు. తర్వాత మేముండే అపార్ట్‌మెంట్లు. తర్వాత బట్టలకి రంగులద్దే షెడ్లు. తర్వాత చెక్క వంతెన. వంతెన దాటితే తెలుగు లైను, ఓడల డాకులో పనిచేసే తెలుగు కూలీల ఇళ్ళు. ఆ తర్వాత గంగ. నేల వాడకం మారిన ప్రతిచోటా నెలకో సీసా నింపి, ఎవరి నేల నుంచి ఎంత మురికి కలుస్తోందో తేల్చాలి. పన్నెండు నెలలు చేశాం.

వంతెన దగ్గర నింపిన సీసాలో మురికి ఎవరిదో సీసాకి తెలియదు. నీళ్ళు గంగవైపు దిగుతుంటే అది షెడ్లదీ, మాదీ. గంగనుంచి పైకి ఎక్కుతుంటే తెలుగు లైనుది. దిగితే పాటు, ఎక్కితే పోటు. గంగకి పోటుపాటుల పట్టికలున్నాయి కానీ ఖాల్ మూతి దగ్గర ఇనుప తలుపుంది. దాన్ని తిప్పేవాడికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు నీళ్ళు కదులుతాయి. అందుకే కంటితో చూసి రాయాల్సిందే. 2017 మార్చి 14న చూసి రాసినవాడు సూరన్న. తెలుగు లైను మనిషే. డాకులో పని దొరకని రోజుల్లో మాకు సీసాలు నింపేవాడు. మిగతా కాగితమంతా ఇంగ్లీషులో నేను నింపుకునేదాన్ని, ఆ ఒక్క మాట మాత్రం అతను తనకొచ్చిన తెలుగులో రాసేవాడు.

రాసింది అతను. చదివింది నేను. పోటు అని చదివాను.

ఆ నెల వంతెన నీళ్ళలో ప్రాణవాయువు సున్నా. మలం తాలూకు సూక్ష్మజీవులు ఎన్నడూ చూడనన్ని. నివేదికలో ఆ ఒక్క గీత మిగతా పదకొండు గీతల్నీ మింగేసింది. మరుసటేడు మొదటి నలభై ఇళ్ళు తీసేశారు.

నవంబర్ 12

ఫైలు తియ్యలేదు. రేపు తీస్తాను.

నవంబర్ 14, గురువారం

తీశాను.

ప అక్షరం బాగానే ఉంది. టు బాగానే ఉంది. ప నుంచి కుడికి సాగిన గీత చివర మెలిక ఉంటే పో, లేకపోతే పా. ఆ మెలిక ఉండాల్సిన చోటే నీటి చుక్క పడి సిరా అలుక్కుపోయింది. బయట పని చేసేటప్పుడు పెన్సిలే వాడాలని నా విద్యార్థులకి ఇప్పటికీ పాఠం చెబుతాను. సూరన్నకి జెల్ పెన్ను ఇచ్చింది నేనే. పెన్సిల్ చెక్కుకోవడం విసుగన్నాడు.

నమూనా తీసినప్పుడు హాజరున్నవారు అనే గడిలో నా సంతకం ఉంది. నేను హాజరు లేను. ఆ రోజు మా అమ్మాయి సమీర స్కూల్లో వార్షికోత్సవం, తను నెమలి వేషం వేసింది. సంతకం మర్నాడు పెట్టాను. అందరూ పెడతారు. నేనూ పెట్టాను.

సాయంత్రం ఆ కాగితం సమీరకే చూపించాను. ఇదేమక్షరమే అన్నాను.

"అక్షరమా? ముగ్గేమో అనుకున్నా. అమ్మా, నాకు పకీ వకీ తేడా తెలీదు, నన్నడుగుతావేంటి? నాన్ననడుగు."

పట్టాభి కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. బ్యాంకులో సంతకాలు సరిచూసి సరిచూసి ఆయనకి ఆ చూపు అలవాటైపోయింది. "రెండూ అవ్వచ్చు," అన్నారు. "నువ్వెందుకు మధ్యలో? ఫైలు ఇచ్చెయ్. చదువుకోవడం వాళ్ళ పని."

"వాళ్ళకి తెలుగు రాదండీ."

"మరీ మంచిది."

నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

నవంబర్ 17, ఆదివారం

తెలుగు లైనుకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో దారిలో రెండు మూడు కారణాలు తయారుచేసుకున్నాను గానీ అక్కడ ఎవరూ అడగనేలేదు.

సూరన్న పోయి మూడేళ్ళు దాటింది. భార్య నారాయణమ్మ కూతురి దగ్గరుంటోంది. కూతురు అరుణకుమారి అత్తవారిల్లు లైనులో ఈ చివర, ఇంకా నిలబడి ఉన్న ముప్ఫై ఆరింట్లో ఒకటి. గుమ్మంలో కుట్టుమిషను, చుట్టూ పండగకి ఎవరివో జాకెట్లు. ముసలామె చెయ్యి అడ్డుపెట్టుకుని చూసింది.

"ఎవులమ్మా?"

"నేనమ్మా. ఖాల్‌లో సీసాలు నింపించేదాన్ని."

"ఓలమ్మ! సీసాల మేడమా! రండి, కూకోండి. ఏటమ్మా, ఇన్నాళ్ళకా? సిక్కిపోనారు."

"చా తింటారా దీదీ?" అంది అరుణకుమారి మిషను ఆపి.

"తాగుతారా అనాలే గుంటా. చా తింటారేటి? దీనికి బెంగాలోళ్ళ నోరొచ్చీసింది మేడమ్మా."

"తిన్నా తాగినా పోయేది కడుపులోకే గదమ్మా. నువ్వూరుకో."

నా ముందే ఇద్దరూ అలా వాదులాడుకుంటుంటే నాకు హాయిగా అనిపించింది. ఆ హాయికి సిగ్గుపడ్డాను.

మొదటి నలభైలో సూరన్న ఇల్లూ పోయింది. ఊరి చివర నాలుగో అంతస్తులో ఒక గది ఇచ్చారు. అక్కణ్ణించి రెండు బస్సులు మారి డాకుకి వచ్చేవాడట. "ఆడికెల్లినాక ఆయనికి మాట తగ్గిపోనాది," అంది నారాయణమ్మ. "కిటికీ కాడ నిలబడి, ఏటే, ఈడ నీరే అగుపడదేటే అనీవోడు. నీరు సూసి ఏటి సేస్తావయ్యా అనీదాన్ని నాను." 2021 జనవరిలో ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాడు, మళ్ళీ లేవలేదు.

అరుణకుమారి లోపల్నుంచి నీలం అట్ట పుస్తకం తెచ్చింది. ఏదో ఓడ కంపెనీ పంచిపెట్టిన 2017 నాటి డైరీ.

"నాన్న రోజూ ఏదో రాసుకునేవాడు దీదీ. అమ్మకి చదువు లేదు. నాది బెంగాలీ ఇస్కూలు. లైనులో తెలుగు చదవగలిగిన ముసలాళ్ళు ఎవరూ మిగల్లేదు. వకీల్‌బాబు ఏ కాగితం ఉన్నా తెమ్మన్నాడు. ఇందులో ఖాల్ గురించి ఏమైనా ఉందేమో, మీరు చదివి పెడతారా?"

వచ్చే ఆదివారం వస్తానన్నాను.

నవంబర్ 18

ఇంటికి తెచ్చుకుని చదవచ్చా అని నిన్ననే అడగాల్సింది. అడగలేదు. అరుణకుమారి ముందే మొదటిసారి చదవడమే న్యాయం అనిపించింది. న్యాయం అనిపించిందా, భయమేసిందా?

నవంబర్ 20, బుధవారం

నీళ్ళు ఎటు పోతున్నాయో చూడటానికి కమలాపండు వాడతాం. సగం మునిగి సగం తేలుతుంది, గాలికి కొట్టుకుపోదు, దూరానికి కనబడుతుంది. మొదటి నెల ఒక సంచీడు తీసుకెళ్ళాను. సూరన్న నోరెళ్ళబెట్టాడు. "తినీ పండు మురుక్కాలవలో ఏస్తారేటమ్మా? సదువుకున్నోళ్ళకి పాపభయం నేదేటి?" ఆ తర్వాత తనే బజారు వెనకనుంచి కుళ్ళిన నిమ్మకాయలు ఏరుకొచ్చేవాడు. అవీ అంతే బాగా తేలతాయి. నిమ్మకాయ వేసి, దాంతోపాటు ఒడ్డున నడుస్తూ "పోతంది, పోతంది, ఇదిగో పోతంది" అంటూ నవ్వేవాడు. అతను నాకన్నా జాగ్రత్తగా చూసేవాడు. ఈ మాట నేను ఏ నివేదికలోనూ రాయలేదు.

2017 ఏప్రిల్‌తో పని ముగిసింది. ఆ తర్వాత అతన్ని చూడలేదు.

నవంబర్ 24, ఆదివారం

మధ్యాహ్నం చదివాను. అరుణకుమారి జాకెట్లకి హుక్కులు కుడుతూ కూర్చుంది. నారాయణమ్మ గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది. మొగుడి మాటలు పరాయి గొంతులో వినడానికి అలా కూర్చుందేమో. అతను ఎలా రాశాడో అలాగే చదివాను.

"మేడం మల్లా కమలాలు తెచ్చినాది. ఒకటి నీటిలో ఏసి మూడు తినీసినాం."

నారాయణమ్మ కళ్ళు మూసుకునే నవ్వింది. "దొంగముండాకొడుకు. ఇంటికొక్కటీ తేనేదు."

"గుంటకి జరం. తులసాకు రసం పట్టినాం. డాకులో పని నేదు." "నారాయణమ్మ మాటాడ్డం నేదు. నా తప్పే." అక్కడ ముసలామె కళ్ళు తెరిచింది. ఏమిటి తప్పు అని అరుణ అడిగితే "నీకెందుకే" అని మళ్ళీ మూసుకుంది.

మార్చి 14 వచ్చింది.

"మేడం రానేదు. గుంట ఇస్కూల్లో డేన్సంట. వంతెన కాడ నిమ్మకాయ గంగవేపు పోనాది. పాటు. నీరు నల్లగున్నాది, రంగు షెడ్ల కంపు. సీసా నింపి ఐసులో ఎట్టినాను."

పాటు. గుండ్రంగా, తడి తగలని కాగితం మీద, పక్కనే గంగవేపు అన్న మాటతో సహా. మార్చిలో ఇది రాసుకునేటప్పటికి ఆ మాటకి ఒక విలువ వస్తుందని అతనికి తెలియదు. అబద్ధం రాసే అవసరమే లేదు. అంటే ఏడేళ్ళ ప్రశ్నకి జవాబు దొరికింది. నీళ్ళు దిగుతున్నాయి. మురికి పైనుంచి వస్తోంది.

అరుణ సూది ఆపేసింది. "మళ్ళీ చదవండి దీదీ." చదివాను. "అంటే మాది కాదా?" మీది కాదు అన్నాను. ఆ అమ్మాయి ఏడవలేదు. హుక్కులన్నీ ఒక్కొక్కటే డబ్బాలో వేసి మూత పెట్టింది. "ఇంకా చదవండి, ఇంకేమైనా ఉందేమో."

ఉంది. సెప్టెంబర్ 6.

"కొలతలోళ్ళు ఒచ్చి ఇళ్ళకి నెంబర్లేసినారు. మన మురుకే అని పరీచ్చలో తేలిందంట. మేడం ఆఫీసుకెల్లి సెప్పినాను, ఆ దినం పాటమ్మా అని. నమ్మనేదు. ఇంటికోసం అబద్దమాడతన్నాననుకున్నాది."

నెంబర్లేసినారు దాకా పైకి చదివాను. ఆ తర్వాత నా కళ్ళు వరస మీద వరస నడుస్తూనే ఉన్నాయి. గొంతు మాత్రం ఆగింది.

"ఆ తర్వాత?" అంది అరుణ.

"ఆ దినం వాన. డాకుకి ఎల్లనేదు," అన్నాను.

అతని యాసలో అన్నాను.

నవంబర్ 25

పుస్తకం నా దగ్గరుంది. అనువాదం కోసం అడిగి తెచ్చుకున్నాను. అనువాదం కోసమే.

నవంబర్ 27, బుధవారం

ఆ తర్వాత అతన్ని చూడలేదు అని ఇరవయ్యో తేదీన రాశాను. కొట్టెయ్యను. అలాగే ఉండనీ.

వచ్చాడు. పదకొండు గంటల వేళ. ప్రయోగశాల గుమ్మం బయట చెప్పులు విప్పి నిలబడ్డాడు. లోపలికి రా సూరన్నా అంటే, నేల తుడిచినట్టున్నారమ్మా అని రాలేదు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"మేడమ్మా, ఆ దినం పాటమ్మా. నాను పాటే రాసినాను."

"కాగితం మీద పోటు అని ఉంది సూరన్నా."

"ఓపాలి సూపించండమ్మా."

ఫైలు నా మోకాలి పక్కన సొరుగులో ఉంది. పై ఆఫీసుకి వెళ్ళిపోయిందన్నాను. నివేదిక ఇచ్చి నెల కూడా కాలేదు. వెనక్కి తీసుకుంటే నేను ఆ రోజు అక్కడ లేనని, సంతకం మర్నాడు పెట్టానని బయటపడుతుంది. అప్పుడు ఇవన్నీ ఆలోచించానా? ఆలోచించలేదనే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అప్పుడు నా మనసులో ఉన్నది ఒక్కటే, ఇతనికి అలా చెప్పే అవసరం ఉంది అని. అది మనసులో ఉంచుకుని ఊరుకున్నా బాగుండేది.

"నీ ఇల్లు అక్కడే కదా సూరన్నా," అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. కోపం కనబడలేదు. "ఔనమ్మా. నా ఇల్లు ఆడే," అన్నాడు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

మీ ఇల్లెక్కడమ్మా అని అతను అడగలేదు. మేము వంతెనకి ఎగువనే ఉంటామనీ, మా అపార్ట్‌మెంట్ల మురుగు శుభ్రం చేసే యంత్రం ఏడాదికి ఎనిమిది నెలలు చెడిపోయే ఉంటుందనీ, మురుగంతా తిన్నగా ఖాల్‌లోకే దిగుతుందనీ అతనికి తెలుసు. ఆ గొట్టం నోటి దగ్గర సీసా నింపేది అతనే. అడగలేదు.

డిసెంబర్ 3

మిత్రా సార్‌కి ఫోన్ చేశాను. విని చాలాసేపు దగ్గారు. నా తెలుగు పేరు ఆయన బెంగాలీ నోట ఎప్పుడూ శౌజొన్నోనే. "శౌజొన్నో, ఏడేళ్ళ తర్వాత ఒక అక్షరం కోసమా? ఛేడే దావ్." వదిలెయ్యి. ఆయన గొంతులో ప్రేమే ఉంది. ఆ ప్రేమే నాకు నచ్చలేదు.

పట్టాభికి సగం చెప్పాను. పుస్తకం గురించి చెప్పాను. సూరన్న రావడం గురించి చెప్పలేదు. "అయితే మళ్ళీ పరీక్షలంటారు, మన గొట్టం దగ్గరా నింపుతారు. అసోసియేషన్‌లో నన్నొదులుతారా? సెక్రటరీ నేనే కదా," అన్నారు. కాసేపటికి ఆయనే, "సర్లే, నీకు నిద్రపట్టే పనే చెయ్," అన్నారు. ఇరవయ్యేళ్ళ కాపురంలో నాతో ఆయన అన్న మంచి మాటల్లో ఇదొకటి. అయినా మిగతా సగం చెప్పలేకపోయాను.

డిసెంబర్ 10, మంగళవారం

మార్చి 14 పేజీ అనువాదం పూర్తయింది. ఆరు వాక్యాలకి మూడు సాయంత్రాలు పట్టింది. కంపుకి ఇంగ్లీషులో నచ్చిన మాట దొరకలేదు, ఉట్టి వాసన అని రాశాను. మేడం రానేదు అన్నది కూడా ఉంచాను. అది ఉంచినందుకు నన్ను నేను కొంచెం మెచ్చుకున్నాను.

సెప్టెంబర్ 6 పేజీ నీళ్ళ గురించి కాదు. కమిటీ అడిగింది నీళ్ళ గురించి.

డిసెంబర్ 11

నీళ్ళ గురించే.

డిసెంబర్ 17

రేపటికి చీర ఇస్త్రీ చేసుకున్నాను. ఇంకేమీ చెయ్యలేదు.

డిసెంబర్ 18, బుధవారం

పొడుగాటి బల్ల, ముగ్గురు సభ్యులు. అరుణకుమారి, ఆమె వకీలు వెనక వరసలో. అరుణ పట్టుచీర కట్టుకొచ్చింది, పెళ్ళికొచ్చినట్టు. నారాయణమ్మ బయట బెంచీ మీద కూర్చుని, లోపలికొస్తే దగ్గొస్తుందంది.

నేను నిలబడి చెప్పాను. ఆ రోజు నేను అక్కడ లేను. సంతకం మర్నాడు పెట్టాను. కాగితం మీద మాట అలుక్కుపోయింది, నేను తప్పు చదివాను. రాసిన మనిషి సొంత పుస్తకంలో స్పష్టంగా ఉంది, నీళ్ళు గంగవైపు దిగుతున్నాయి. ఆ మురికిని తెలుగు లైనుకి అంటగట్టిన మా నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

సభ్యుల్లో పెద్దావిడ పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడ వేలు సెప్టెంబర్ పేజీల మీదుగానే పోయింది. ఆవిడకి అవి గీతలు. పుస్తకం మూసి నన్ను చూసింది.

"మీరు తప్పు చదివారని మీకు ఎప్పుడు తెలిసింది?"

"పోయిన నెల. ఈ పుస్తకం చూశాక," అన్నాను.

పక్కనున్న గుమాస్తా ఆ మాట టైపు చేశాడు.

కొత్తగా ఏడాదిపాటు పరీక్షలు చెయ్యాలి, వేరే సంస్థ చెయ్యాలి, పైన ఉన్న అపార్ట్‌మెంట్లూ షెడ్లూ అన్నీ కలపాలి, అప్పటిదాకా ఇళ్ళు ముట్టుకోకూడదు అన్నారు. నా మీద సంస్థలో విచారణ ఉంటుందట. ఉండనీ.

బయట నారాయణమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "పేనం పోసినావు తల్లీ. ఆయన బతికుంటే నీ కాడికే పరిగెట్టుకొచ్చీవోడు."

డిసెంబర్ 19

పోయిన నెల కాదు. 2017 సెప్టెంబర్ 6.

డిసెంబర్ 22, ఆదివారం

పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. ఏ పేజీ చింపలేదు. చింపాలని అనిపించిందని మాత్రం రాసుకోవాలి, ఎందుకంటే అనిపించింది.

లైనంతా పండగలా ఉంది. ఎవరో గుమ్మాలకి సున్నం వేస్తున్నారు. అరుణ చా తెచ్చి, "తాగండి దీదీ," అని వత్తి పలికి తల్లివైపు చూసింది. "బాగు, నేర్చినావు," అంది నారాయణమ్మ.

అరుణ నా పక్కన కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. "ఒకటి అడుగుతాను దీదీ. ఇళ్ళకి నెంబర్లు వేశాక నాన్న ఒకరోజు ఉతికిన చొక్కా వేసుకుని మీ ఆఫీసుకి వెళ్తున్నానన్నాడు. తిరిగొచ్చాక ఏమీ చెప్పలేదు. వచ్చాడా?"

నారాయణమ్మ వింటోంది.

"నాకు గుర్తులేదు అరుణా," అన్నాను. "చాలామంది వచ్చేవాళ్ళు."

"అవున్లెండి. దారిలో మనసు మార్చుకుని ఏ ఘాట్ దగ్గరో కూర్చుని ఉంటాడు. ఆయన అంతే." కాసేపు పేజీలు తిప్పింది. బెంగాలీ చదివేదానిలా వేలు అక్షరాల నెత్తిన ఆనించి నడిపిస్తోంది. బెంగాలీ అక్షరాల్ని పైన కలిపే గీత తెలుగు అక్షరాలకి ఉండదు. వేలు జారిపోతోంది.

"దీదీ, నాకు తెలుగు చదవడం నేర్పుతారా? ప్రతిసారీ మిమ్మల్ని పిలిచి చదివించుకోవడం బాగోదు. నాన్న పుస్తకం నేనే చదువుకుంటాను."

నేర్పుతానన్నాను. వెంటనే అన్నాను. వేరే జవాబేమీ నోటికి రాలేదు.

జనవరి 5, ఆదివారం

అచ్చులు. ఋ దగ్గర నవ్వాపుకోలేకపోయింది. "ఇది అక్షరమా, జిలేబీయా?"

జనవరి 19, ఆదివారం

గుణింతాలు చాలామట్టుకు వచ్చేశాయి. నలభైయేళ్ళు దాటిన మాబోటివాళ్ళ బుర్ర కాదు తనది, ముప్ఫై కూడా లేవు. బస్సులో కనబడిన బెంగాలీ బోర్డుని తెలుగులో రాసి నాకు చూపిస్తుంది. ఒత్తులు ఇంకా రాలేదు, దీర్ఘాలు తప్పుతున్నాయి. ఇవాళ పుస్తకం మొదటి పేజీ తీసి, వాళ్ళ నాన్న పేరు తనే చదివింది. న కింద న ఒత్తు దగ్గర కాసేపు ఆగి, ఇంకో న అనుకుని, "సూరనన" అంది. నారాయణమ్మ "సూరనన ఎవుడే, నాకు మారు మొగుడా?" అంది. ముగ్గురం కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. ఆ తర్వాత ఎవరి కళ్ళు వాళ్ళు తుడుచుకున్నాం.

రోజుకో పేజీ చదువుతానంది. జనవరి ఒకటి నుంచి మొదలుపెట్టి, వరస తప్పకుండా. మొదటి పేజీలు తప్పులతో చదువుతుంది. వేసవికల్లా తప్పులు తగ్గుతాయి. సెప్టెంబర్‌కి వచ్చేసరికి మంచినీళ్ళలా చదువుతుంది. నేను చాలామందికి చదువు చెప్పాను. ఈ పిల్లకి వచ్చినంత తొందరగా ఎవరికీ రాలేదు.

ముందే చెప్పెయ్యాలని ప్రతి ఆదివారం అనుకుని బయల్దేరుతున్నాను. చెబితే ఆ తల్లీకూతుళ్ళు నాకు తలుపు మూసేస్తారు. అప్పుడు ఈ చదువు సగంలో ఆగిపోతుంది, తండ్రి మాటలు మళ్ళీ గీతలైపోతాయి. అందుకే చెప్పడం లేదనుకుంటాను. ఆ కారణం నాకు మరీ చక్కగా అమరింది. కాబట్టి నమ్మను. చెప్పకపోతే, ఒక రోజు ఆమె చదువుతూ ఉంటుంది, నేను పక్కనే ఉంటాను. ఆ రోజు వాన పడలేదనీ, తండ్రి దారిలో మనసు మార్చుకోలేదనీ తండ్రి చేతిరాతలోనే తెలుసుకుంటుంది. బహుశా అది ఆమె హక్కు. బహుశా అలా వదిలెయ్యడం నా పిరికితనం. చెబితే ఆమె కోసం చెబుతానా, నా కోసమా అన్నది కూడా నాకు తెలియడం లేదు.

వచ్చే ఆదివారం ఒత్తులు మొదలుపెట్టాలి. వెళ్తాను. చెప్పాలో, ఆమె చదివేదాకా ఆగాలో ఇంకా తేల్చుకోలేదు.